ప్రతి ఇటుకలో సగం

కర్నూలులో ఎదురింటి రాజ్యలక్ష్మమ్మ తన కిరాణాకొట్టులో కూర్చుని అన్న మాట ఒంటిమిట్టలో ఉన్న ఆమె చెల్లెలి చెవిన పడింది. అక్కడ గుడి వీధిలో పూలు కొంటున్న రామసుబ్బమ్మను చేరింది. ఆమె ఫోనులోంచి మళ్లీ కర్నూలుకే వచ్చి ఆమె కూతురు యామినికి తెలిసింది. యామిని ఇంటికీ రాజ్యలక్ష్మమ్మ కొట్టుకూ నడుమ ఉన్నది ఒక్క రోడ్డే. ఆ రోడ్డు దాటడానికి మాట కడప జిల్లా దాకా పోయి వచ్చింది.

"ఆదివారం భూపేష్‌కు పిల్లనిచ్చేటోళ్లు ఇల్లు చూడను వస్తాండారంట," అంది రామసుబ్బమ్మ, ఊపిరి తీసుకోకుండా. "ఆ ఇల్లు వాళ్లన్న కట్టించినాడంట. పీటల మీద కూచునింది కూడా ఆయప్పేనంట. గృహప్రవేశానికి ఆవును తోలుకొచ్చిన డాక్టరమ్మ ఒకామె ఉండాది, ఆయమ్మకు బాడుగకు ఇచ్చినారు, రేపో మాపో ఖాళీ చేస్తాది అని చెప్తాందంట రాజ్యలక్ష్మమ్మ. ఆ డాక్టరమ్మ అంటే నువ్వేనా మే?"

యామినికి నవ్వాగలేదు.

"నవ్వుతాండావా? నాకీడ తల కొట్టేసినట్టుండాది."

"ఆవును తోలుకొచ్చింది నిజమే కదమ్మా. ఆ ఒక్క ముక్కా సరిగ్గానే చెప్పింది."

"ఎందుకొచ్చిన గొడవ పాపా. తాళి లేకుండా భూపేష్‌తో ఒకే ఇంట్లో ఉంటివి, అది ఒక మాట పడితిమి. ఇప్పుడు వాటా అని నిలబడితే ఇంకో మాట పడాల. వాళ్లిచ్చింది తీసుకోని సంతకం పెట్టేసి వచ్చేయ్. సీతారాముల కల్యాణానికి ఎట్లాగూ రావాల కదా."

"ఈ ఏడు కల్యాణం నువ్వు చూసి నాకు చెప్పమ్మా," అంది యామిని. "నాకు ఆదివారం ఇంటికి చుట్టాలొస్తాండారు."

యామిని పశువుల డాక్టరు. ఎనుము కడుపులో చేయి పెట్టి అడ్డం తిరిగిన దూడను సరిచేసే మనిషి. అట్లాంటి మనిషికి గొంతు పెంచడం చేతకాదు. గొంతు పెంచితే పశువు బెదురుతుంది, పని చెడుతుంది. ఎదుటి ప్రాణి ఎటు తన్నబోతుందో ముందే చూసుకుని, దాని పక్కగా నిలబడటమే ఆమెకు తెలిసిన విద్య.

భూపేష్‌ది బనగానపల్లె. మామిడితోటల ఇల్లు. కర్నూలులో ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతాడు. మంచివాడే. మంచితనం ఎక్కువై, ఎవరు చివరగా మాట్లాడితే వాళ్ల మాటే సరైనదని నమ్మే రకం. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెళ్లి చేసుకోవాలనుకున్నారు. పెళ్లికంటే ముందు స్థలం బేరానికొచ్చింది. ఇద్దరి జీతాల మీదా లోను తెచ్చి, ఇద్దరి పేర్లమీదా రిజిస్టరు చేయించి, ఇల్లు కట్టుకున్నారు. పెళ్లి మాత్రం జరుగుతూ జరుగుతూ ఆగింది. మొదట భూపేష్ నాయన గంగన్న పోయి ఏటిసూతకం వచ్చింది. అది తీరగానే మూఢం వచ్చింది. మూఢం పోతే వాళ్లన్న ఓబుళేశుకు తోట కౌలుదారుతో తగాదా. తగాదా తెగేసరికి మళ్లీ మూఢం.

గృహప్రవేశం నాడు పూజారి చాపమీద కూర్చుని సామాన్లు సర్దుకుంటూ, "దంపతులు రావాల," అన్నాడు. దంపతులెవరని అందరూ అందరి మొహాలూ చూసుకున్నారు. పెళ్లి కానివాళ్లను పీటల మీద కూర్చోబెట్టనని పూజారి తేల్చేశాడు. ఆ నిమిషంలో యామిని చేసిన పని ఒకటుంది. తర్వాత ఎన్నోసార్లు ఆలోచించినా అది మంచితనమో తెలివితక్కువతనమో ఆమెకు తేలలేదు. "అన్నావదినెలు ఉండారు కదా, వాళ్లు కూచుంటారులే," అని పీటలు తనే జరిపింది.

ఓబుళేశు పట్టుపంచె సర్దుకుని కూర్చున్నాడు. పక్కన భార్య మధులత. అంతా కుదిరిందనుకుంటే ఆవు రానంది. కొత్తగా పాలిష్ పట్టిన నల్లరాయి నేల, అద్దం లాగా మెరుస్తోంది. ఆవు గడప దాటి ఒక గిట్ట పెట్టింది, జారింది, అంతే. వెనక్కి తిరిగి రోడ్డెక్కింది. తోలుకొచ్చిన పాలవాడు తోక మెలిపెట్టబోతే యామిని వాడిని పక్కకు నెట్టింది. గోనెపట్టాలు తడిపించి గడప నుంచి హాలు దాకా పరిపించింది. చీర కొంగు బిగించి, పలుపు చేతికి చుట్టుకుని, ఆవు గంగడోలు గోకుతూ, దాంతో ఏదో మాట్లాడుతూ లోపలికి నడిపించుకొచ్చింది. వీధంతా చూస్తుండగా ఆ ఇంట్లోకి మొదట అడుగుపెట్టింది ఆవూ యామినీ. పీటల మీది దంపతులు ఆ వెనక వచ్చినవాళ్లు. ఆవు హాలు మధ్యలో పేడ వేసింది. అందరూ శుభం శుభం అన్నారు. ఎత్తింది యామినే.

పాలు పొంగించేటప్పుడు వంటింట్లో మధులత ఆమె చెవి దగ్గర వంగింది. "దస్తావేజులో నీ పేరుండాదా పిల్లా?"

"ఉండాదక్కా. ఇద్దరిదీ ఉండాది."

"అయితే ఈ పొద్దుకు పీట నాకిచ్చినా నీకేం పోదులే. నాకు పెండ్లయినప్పటినుంచీ పీటలే పీటలు. మా మామ కట్టిన ఇంటికి, మా మరిది ఇంటికి, తోటలో బోరు పూజకి. నా పేరుతో కాగితం ముక్క మాత్రం ఒక్కటీ లేదు." ఆ మాట అని, పొంగిన పాలలో చక్కెర వేసి కలుపుకుంటూ ఉండిపోయింది.

సాయంత్రం ఓబుళేశు నల్లరాతి పలక ఒకటి తెప్పించి గేటు పక్కన బిగించాడు. "గంగన్న నిలయం" అని బంగారు రంగు అక్షరాలు. పోయినాయన పేరు కదా అని యామిని ఊరుకుంది. పేరు పెట్టినవాడిదే ఇల్లని వీధి అనుకుంది. పీటల మీద వాళ్లను చూసింది, గేటు మీద ఆ పేరు చూసింది. వీధికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రెండేళ్లు ఆ ఇంట్లోనే కాపురంలాంటి కాపురం చేశారు. ఒక రోజు సంగటి ముద్ద చిదుముతూ యామిని అడిగింది, "పెండ్లెప్పుడు?" అని. భూపేష్ "అన్నను అడిగి చెప్తా," అన్నాడు. ఆమె తాళి అడగలేదు, బంగారం అడగలేదు, ఒక తేదీ అడిగింది. ఆ తేదీ అన్న నోట్లో ఉందని తెలిశాక ఆ ముద్ద పూర్తిగా తిని, చేయి కడుక్కుని, "ఇంక చాలు భూపేష్," అంది. కేకలూ ఏడుపులూ ఏమీ లేవు. ఆ వారంలోనే అతను పెట్టె సర్దుకుని బనగానపల్లెకు పోయాడు. తాళంచెవి ఒకటి అతని దగ్గరే ఉండిపోయింది. ఆమె అడగలేదు. అతని ఇంటి తాళం అతని దగ్గర ఉండటంలో తప్పేముందనుకుంది.

ఆ తర్వాత ఓబుళేశు ఫోను చేశాడు. "అమ్మా, నీకూ మాకూ సంబంధం తెగిపాయ. నీ భాగం రాసిచ్చేయ్. నీ దుడ్లు నీకు నిదానంగా ఇస్తాం." ఒక మనిషితో హక్కు విడుదల పత్రం కూడా రాయించి పంపాడు. యామిని దాన్ని తీసుకుపోయి, తనతో హాస్టల్లో చదువుకుని ఇప్పుడు కర్నూలు కోర్టులో వకీలుగా ఉన్న కృపమణి ముందు పెట్టింది. కృపమణి దాన్ని చదవకుండానే మడిచి, టీ గ్లాసు కింద పెట్టుకుంది.

"మొగుడూ పెండ్లాలైతే నిన్ను నాలుగు కోర్టులు తిప్పుతుంటి. మీరు ఉత్త వాటాదార్లు. ఒకే బోరు కింద ఇద్దరు రైతులున్నట్లు. నిన్ను వెళ్లగొట్టే హక్కు ఆయనకు లేదు, ఆయన్ని వెళ్లగొట్టే హక్కు నీకూ లేదు. ఆయన సగం ఆయన అమ్ముకోవచ్చు. నీ సంతకం లేకుండా ఇల్లంతా అమ్మలేడు. మాట కుదరకపోతే పంపకం దావా వేయొచ్చు. కానీ దావా అంటే నువ్వు టెంకాయ నాటితే నీ మనవళ్లు కాయ కోసుకున్నట్లు. మాట్లాడి తెంచుకో."

"మరి తాళి లేదు కదా అంటాండారు?"

"దస్తావేజులో తాళికి గడి లేదు తల్లీ," అంది కృపమణి.

ఆదివారం ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. యామిని ఇల్లు కడిగింది, హాల్లో కుర్చీలు వేసింది, కుండలో మజ్జిగ చేసి కరివేపాకు నలిపి వేసింది. ప్రతి ఏడూ ఈ రోజుల్లో ఆమె కల్యాణానికని ఒంటిమిట్టలో ఉంటుందని ఓబుళేశుకు తెలుసు. ముహూర్తం చూసుకునే పెళ్లివారిని పిలిచాడు. గేటు తీసిన చప్పుడైంది. తాళంచెవి తలుపులో దూరింది. కానీ తలుపుకు తాళం వేసి లేదు, ఊరికే చేరవేసి ఉంది. ఓబుళేశు తోసిన తోపుకు తలుపు విసురుగా తెరుచుకుని, అతనే ముందుకు తూలాడు.

"నిదానం అన్నా," అంది యామిని కుర్చీలోంచి లేస్తూ. "ఈ నేల జారుతాది. ఆ పొద్దు ఆవు కూడా జారె. రాండి, రాండి. చెప్పులు ఆడ విడవండి."

ఒకప్పుడు ఆమె అతన్ని బావగారూ అనేది. ఈ పొద్దు అన్నా అంది. ఓబుళేశు మొహంలో రంగు మారింది. వెనకాల భూపేష్ గడప దగ్గరే ఆగిపోయాడు. మధులత మాత్రం యామినిని చూసి కళ్లతోనే నవ్వి లోపలికొచ్చింది. వాళ్లందరినీ దాటుకుని, భుజం మీద తువ్వాలు, తెల్లమీసం, చేతిలో గొడుగు ఉన్న పెద్దమనిషి హాలు నడిమికి వచ్చి నిలబడ్డాడు. పెళ్లికూతురి నాయన సుబ్బయ్య. ప్రొద్దుటూరు పక్క పల్లె. ఒక్కడే వచ్చాడు. ఇల్లు చూడటానికి ఆడవాళ్లను తీసుకురాకూడదు, వాళ్లు వంటింట్లో ఆగిపోతారన్నది ఆయన సిద్ధాంతం.

"ఈయమ్మ ఎవరప్పా?" అన్నాడు సుబ్బయ్య.

"కింద బాడుగకుండారు," అన్నాడు ఓబుళేశు.

యామిని వంటింట్లోకి పోయింది. మజ్జిగ గ్లాసులు తెచ్చి అందరి చేతుల్లో పెట్టింది. సుబ్బయ్య ఒక్క గుక్కలో తాగి, గోడను వేలి కణుపుతో కొట్టి చూశాడు. మూలన తేమ ఉందేమోనని గొడుగు మొనతో గీకాడు.

"నీళ్లెట్ల? బోరు వేసినారా?"

"ఏసినాం, ఏసినాం," అన్నాడు ఓబుళేశు. "శానా నీళ్లు."

"మోటరు ఒకసారి వేయప్పా, చూద్దాం."

ఓబుళేశు మెట్ల కింది అల్మారా తలుపు తెరిచాడు. చీపురు, బకెట్టు, ఒక పాత గోనెపట్టా ఉన్నాయి. పక్క తలుపు తెరిచాడు. బాత్రూము. సుబ్బయ్య గొడుగు మీద ఆనుకుని ఓపికగా చూస్తున్నాడు.

"వెనక వాకిట్లో, తులసికోట పక్కన," అంది యామిని. "పచ్చ స్విచ్చు. ఎర్రది నొక్కద్దన్నా, షాకు కొడ్తాది."

భూపేష్ తల దించుకున్నాడు. సుబ్బయ్య మీసం దువ్వుకున్నాడు. ఎవరూ అడగకుండానే వచ్చి యామినికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, నేను పిల్లనిచ్చేటప్పుడు జాతకమైనా వదుల్తాగానీ రిజిస్ట్రారాఫీసు ఈసీ వదల్ను. మొన్ననే తీపిస్తి. రెండు పేర్లుండాయి. ఒకటి ఈ పిల్లోనిది. రెండోది యామిని అని ఉండాది. ఎవరప్పా ఈయమ్మ అని ఓబుళేశును అడిగితే, ట్యాక్సు కోసం ఊరికే పెట్టిన పేరు, మా దూరపు చుట్టం అనె. ఊరికే పెట్టే పేర్లు రేషను కార్డులో చూసినాగానీ దస్తావేజులో ఎప్పుడూ చూల్యా. అందుకే ఇల్లు చూడను కాదు, ఆ పేరును చూడను వచ్చినా. నువ్వేనా?"

"నేనే పెద్దాయనా."

"ఎదురు కొట్లో చెప్పిన పశువుల డాక్టరమ్మవా?"

"అవును."

"పెండ్లయిందా మీ ఇద్దరికీ?"

"కాలేదు. చేసుకోవాలనుకుంటిమి, కుదర్లేదు. ఈ ఇంట్లోనే ఉంటిమి. అది దాచే మాట కాదు."

ఓబుళేశు గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాడు. "ఏందమ్మా ఇది, నలుగురిలో! పెండ్లి కాకుండా ఉన్న ఆడదానికి ఇంట్లో హక్కేందని ఎవర్నన్నా అడుగు!"

"పెండ్లయిన ఆడదానికేం హక్కుందో ముందు అడగండి, ఆ తర్వాత నా సంగతి," అంది యామిని, గొంతు పెంచకుండా. తర్వాత సుబ్బయ్య వైపు తిరిగింది. "పెద్దాయనా, మీకు తప్పు చెప్పను. సగం భూపేష్‌ది. అది ఆయన కష్టార్జితం. కానీ ఆ సగం ఫలానా గది, ఫలానా గోడ అని గీత గీసి లేదు. ప్రతి ఇటుకలో సగం ఆయనది, సగం నాది. మీరు అడిగిన బోరులో సగం. మీరు కూచున్న కుర్చీ మాత్రం పూర్తిగా నాది."

సుబ్బయ్య కిందికి చూసి కుర్చీలో కొంచెం సర్దుకున్నాడు. "అంటే, మా పాప కాపురానికొస్తే?"

"రావచ్చు. వద్దనే హక్కు నాకు లేదు. నేను పక్క గదిలో ఉంటా. నన్ను పొమ్మనే హక్కు వాళ్లకూ లేదు."

సుబ్బయ్య నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నాడు. "అట్లయితే కాపురం కాదు తల్లీ, సంత."

"అందుకే ఒక దోవ చెప్తా. మా పక్క అన్నదమ్ములు భాగాలు పంచుకుంటే పెద్దోడు కుప్పలు పెడ్తాడు, చిన్నోడు ముందు ఎత్తుకుంటాడు. మీ పక్కా అంతే కదా?"

"యాడైనా అంతే. పెట్టేటోనికే ఎంచే హక్కూ ఇస్తే వాడు రెండు కుప్పల్లో ఒకదాన్ని గింజలతో, ఒకదాన్ని పొట్టుతో పెడ్తాడు."

"ఈ ఇల్లు కుప్పలు పెట్టను రాదు. కాబట్టి రేటు పెట్టాల." యామిని మొదటిసారి భూపేష్ కళ్లలోకి చూసింది. "నాకంటే నువ్వు పెద్దోడివి. సగానికి రేటు నువ్వే చెప్పు. ఎంతైనా చెప్పు, నేను బేరమాడను. ఆ రేటుకు నీ సగం నేను కొంటానో, నా సగం నీకు అమ్ముతానో, అది నేను చెప్తా. తక్కువ చెప్తే నేను కొంటా. ఎక్కువ చెప్తే నువ్వు కొనాల. న్యాయంగా చెప్తే ఏదైనా ఇద్దరికీ సమ్మతమే."

సుబ్బయ్య తొడ మీద చిన్నగా చరుచుకుని, "ఓరి నీ ఇల్లు బంగారం గానూ," అన్నాడు. ఎవరి ఇల్లు బంగారం కావాలో ఆయనకే తెలియలేదు. "పిల్లనిచ్చేదీ ఇయ్యందీ ఇంటికిపోయినాక చూసుకుంటా. ముందు ఈ రేటు వినే పోవాల నేను."

భూపేష్ గోడకు ఆనుకుని ఉన్నాడు. అతని చూపు అలవాటు కొద్దీ అన్న వైపు పోయింది. యామిని ఆ చూపును ఎరుగును. సంగటి ముద్ద నాటి చూపే అది.

"అన్నను అడగద్దు," అంది ఆమె. "దస్తావేజులో అన్న లేడు."

భూపేష్ చూపు వెనక్కి వచ్చింది. గొంతు సవరించుకున్నాడు. "రేపు చెప్..." అని, ఆగి, ఆమె మొహం చూసి, "లేదు. ఈ పొద్దే చెప్తా. ఇప్పుడే చెప్తా," అన్నాడు. అలసిన అతని మొహంలో, అన్నను అడగని మాట ఒకటి తయారవుతుండటం యామిని చూసింది. దూడ సరిగ్గా తిరిగినప్పుడు చేతికి తెలిసే మార్పు లాంటిది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. ఏ రేటైనా పర్వాలేదు. కొనడానికీ సిద్ధమే, అమ్మడానికీ సిద్ధమే. ఖాళీ చేయడానికి మాత్రం కాదు.

"రేటేందిరా, రేటు!" ఓబుళేశు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "మన ఇంటికి మనం రేటు చెప్పేదేంది? గేటు మీద మా నాయన పేరుండాది. ఈ ఇంట్లో పాలు పొంగించింది మేము. పీటల మీద కూచుని హోమం చేసింది నేనూ నా పెండ్లామూ. వీధి వీధంతా చూసినారు! ఎదురింటి రాజ్యలక్ష్మమ్మను పిలిచి అడగండి, ఈ ఇంటి పీటల మీద కూచున్నదెవరో! ఆవును తోలుకొచ్చినోళ్లంతా ఇంటోళ్లయితే ఇంక..." ఊపిరి అందక ఆగి, గోడ పక్కన నిలబడ్డ భార్య వైపు చేయి విసిరాడు. "నువ్వు చెప్పవేమే! నోట్లో ఏముండాది? ఆ పీటల మీద నా పక్కన కూచునింది నువ్వు కాదా?"

మధులత మజ్జిగ గ్లాసు పూర్తిగా తాగి, కింద పెట్టింది.

"ఆ పీటలు షామియానావాళ్లవి. సాయంత్రానికే ఎత్తుకొనిపోయినారు."